పుష్పాబాయి పొయ్యి

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర లారీలు నిలిచే చోట ఎవరికైనా కొత్త దారిలో లోడు పడితే ముందు బీరయ్యను వెతికేవారు. "బీరన్నా, గాడ తిండి ఏడ మంచిగుంటదే?" అని అడిగేవారు. బీరయ్య బీడీ పక్కన పెట్టి తీరిగ్గా చెప్పేవాడు. సూర్యాపేటలో పాత బస్టాండు వెనక సందులో సారమ్మ చేపల పులుసు పెడుతుందని, పదకొండింటికి తలుపు తీసి ఒంటిగంటకల్లా మూసేస్తుందని. కోదాడలో కట్టెల అడితి లోపల ఒక ముసలాయన పొద్దున పూట మాత్రమే పెసరట్లు పోస్తాడని, ఆయనకు చెవులు వినపడవు కాబట్టి ఎన్ని కావాలో వేళ్లతో చూపించాలని. గరిడేపల్లిలో కాలువ గట్టు మీద ఒక కంసాలి ఇంట్లో శనివారం శనివారం కోడి కూర ఉంటుందని. వీటిలో దేనికీ బోర్డు లేదు. రోడ్డు మీద పోయేవాడికి ఏదీ కనపడదు.

ఎలా దొరుకుతాయని అడిగితే అతను దాచుకునేవాడు కాదు. "హమాలోళ్లు ఏడ తింటున్నరో సూడు. వాళ్లు పొద్దంత బస్తాలు మోసెటోళ్లు. రుచి లేకపోతే రెండోసారి పోరు."

బీరయ్యది పాలకీడు దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. మాంసం వాసన చూసి అది పొద్దున కోసిందో నిన్న కోసిందో, గొర్రెదో మేకదో చెప్పగలడు. ఇరవై రెండేళ్లకు స్టీరింగ్ పట్టాడు. క్లీనరు పెద్దయ్య అతని కంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ మనిషి. ఇద్దరూ మిర్యాలగూడ బియ్యం బెజవాడలో దింపి, తిరుగు లోడు సూర్యాపేటకు తెచ్చేవారు.

పందొమ్మిది వందల తొంభై రెండు, శివరాత్రి అయిన వారానికి, మునగాల దాటాక వాళ్ల బండి వెనక టైరు పేలింది. పెద్దయ్య జాకీ పెడుతున్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. గాలి తిరగగానే బీరయ్య ముక్కు ఎగబీల్చాడు. వెల్లుల్లి, నిప్పుల మీద కాలుతున్న జొన్నరొట్టె, ఇంకా ఏదో.

"నెత్తురు కూర," అన్నాడు.

"టైరు ఎవడు మారుస్తడు?" అన్నాడు పెద్దయ్య. అప్పటికే బీరయ్య తుమ్మ చెట్ల మధ్య నుంచి నడుస్తున్నాడు.

రెండు ఫర్లాంగుల దూరంలో తండా ఉంది. తండా మొదట్లోనే ఒక గుడిసె, దాని ముందు పందిరి, పందిరి కింద రాళ్లు కొట్టే కూలీలు ఆరుగురు గొంతుక్కూర్చుని తింటున్నారు. పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ల మనిషి రొట్టె తట్టి పెనం మీద వేస్తోంది. ఆమె పుష్పాబాయి. ఆమె మొగుడు కిష్ట్యా బేస్తారం, అంటే గురువారం, ఒకటి, ఐతారం ఒకటి మేకను కోస్తాడు. ఆ నెత్తురు, పేగులు, కార్జం కలిపి ఆమె వండే కూరను వాళ్ల భాషలో సళోయి అంటారు.

బీరయ్య నాలుగు రొట్టెలు తిన్నాడు. నెత్తురు కూర చాలా చోట్ల తిన్నాడు గాని ఇంత మెత్తగా, నీచు వాసన లేకుండా, కారం గొంతులో కాక కడుపులోకి పోయాక తెలిసేలా ఎవరూ వండగా చూడలేదు. పెద్దయ్యకు రెండు రొట్టెలు మూట కట్టించుకుని లేస్తుంటే పుష్పాబాయి అంది:

"అన్నా, ఒక్క మాట. నేను పన్నెండు మందికి వండుత. నాతోని గంతే అయితది. ఎవలకు చెప్పకు."

"చెప్ప చెల్లె," అన్నాడు బీరయ్య.

మూడు రోజులు ఆగాడు. నాలుగో రోజు మిల్లు ముందు ఎవరో వేరే డ్రైవరు కోదాడ నెత్తురు కూర గొప్ప అని వాదిస్తుంటే బీరయ్యకు నోరు ఆగలేదు. "మునగాల దాటినంక ఎడమ దిక్కు. తుమ్మ చెట్ల నడుమ బాట ఉంటది," అన్నాడు. చెబుతుంటే అందరూ తన చుట్టూ చేరడం అతనికి బాగుంది.

నెల తిరిగేసరికి తండా బాటకు అటూ ఇటూ లారీలు. బేస్తారం నాడు ఇరవై, ఐతారం నాడు ముప్పై. కిష్ట్యా సంబరపడ్డాడు. మేకలు రెండయ్యాయి, తర్వాత మూడయ్యాయి. పుష్పాబాయి చెల్లెలిని, ఆడబిడ్డను పిలిపించుకుంది. బీరయ్య కనపడితే కూర వేసేది గాని ముఖం చూసేది కాదు.

ఆ బాటకు అర కిలోమీటరు అవతల, రోడ్డు మీదనే కాటయ్య దాబా ఉంది. ముప్పై నులక మంచాలు, స్నానాలకు బోరు, రేడియో. కాటయ్య కోదాడ వైపు మనిషి. దాబా పెట్టకముందు సారా కాంట్రాక్టర్ల తరఫున కొట్లాటలకు పోయేవాడు. పాలేరు దగ్గర ఒకడి కాలు గొడ్డలితో తీశాడని చెప్పుకునేవారు. అది నిజమో కాదో గాని, చపాతీ మాడ్చిన వంటవాడిని అదే పెనంతో మొహం మీద కొట్టడం బీరయ్య కళ్లతో చూశాడు. వాడి పెదవి చీలి రెండు పళ్లు పిండిలో పడ్డాయి. కాటయ్య ఆ పిండిని పారేయించి, వాడిచేతనే కొత్త పిండి కలిపించాడు.

ఏప్రిల్ ఆఖర్లో ఒక పొద్దున కాటయ్య మనుషులు బీరయ్య బండికి అడ్డంగా జీపు పెట్టారు. ఇద్దరినీ దింపి దాబా వెనక్కి తీసుకుపోయారు. కాటయ్య మంచం మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఏమయ్యా బీరయ్యా, ఈ మధ్య మన దగ్గర బండి ఆపట్లేదంట."

"లోడు తొందరున్నదన్నా."

"తొందరుంటే తండాకి ఎట్టా వెళ్తున్నావు? సరేలే. నాకు నీ మీద కోపం లేదు. నీకు మంచి నాలుకుందని రోడ్డంతా చెప్తారు. నువ్వు ఒక మాట చెప్పాలి. ఆ లంబాడీది వండేది చచ్చిన గొడ్డు నెత్తురని చెప్పాలి. నువ్వు తిని, వాసన పట్టి, కక్కుకున్నానని చెప్పాలి. నువ్వు చెప్తే నమ్ముతారు."

బీరయ్య నేల వైపు చూశాడు. "అది అబద్ధం గదన్నా."

"అబద్ధమే. అందుకేగా నిన్ను చెప్పమంటోంది."

"నాతోని కాదు."

కాటయ్య లేచి తాపీగా దాబా చూరులోంచి లారీ ఫ్యాన్ బెల్టు తీశాడు. ఇద్దరు బీరయ్య చేతులు పట్టుకున్నారు. మూడో మనిషి పెద్దయ్య గొంతు మీద మోకాలు పెట్టాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది మెడ మీద. పదో దెబ్బకు చొక్కా చినిగి చర్మానికి అంటుకుంది. బీరయ్య లెక్క మరిచిపోయాడు. ఎవరో అరుస్తున్నారనుకున్నాడు, అది తన గొంతేనని కాసేపటికి తెలిసింది. ఆఖరున కాటయ్య అతని జుట్టు పట్టి తల పైకెత్తి చెవిలో అన్నాడు:

"అయిదు రోజులు టైమిస్తున్నా. చెప్పకపోతే నా పని నేను చేసుకుంటా."

ఇంటికి పోయాక భార్య సాయమ్మ వీపు చూసి కొబ్బరి నూనె, పసుపు రాసింది. ఎవరు కొట్టారంటే బండి మీద నుంచి జారానన్నాడు. సాయమ్మ ఇంకేం అడగలేదు. బోర్లా పడుకుని అయిదు రోజులు ఆలోచించాడు. తండాకు పోయి చెప్పాలి. పోతే మళ్లీ కొడతారు. ఈ రెండు మాటల మధ్యనే అయిదు రోజులు పోయాయి. ఆరో రోజు బేస్తారం. లేచి పెద్దయ్యను ఎక్కించుకుని బండి తీశాడు.

తండాకు చేరేసరికి పన్నెండయింది. పందిరి కింద పదిహేను మంది దాకా తింటున్నారు. పుష్పాబాయి పొయ్యి మీద పెద్ద గుండిగలో కూర ఉడుకుతోంది. చెల్లెలు, ఆడబిడ్డ నీళ్లకు పోయారు. కిష్ట్యా వేప కొమ్మకు వేలాడదీసిన మేక తోలు ఒలుస్తున్నాడు. బీరయ్య అతని దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు.

"కిష్టన్నా, కాటయ్య మీద పడేటట్టున్నడు. జర నాలుగు దినాలు బంద్ పెట్టు."

కిష్ట్యా కత్తి ఆపాడు. "ఎప్పుడు చెప్పిండు?"

"ఆరు దినాలయింది."

"ఆరు దినాలా?" అన్నాడు కిష్ట్యా. అతనికి కోపం రాలేదు, అర్థం కాలేదంతే.

జీపు చప్పుడు అప్పుడే వినపడింది. తుమ్మ కొమ్మలు విరుచుకుంటూ వచ్చి పందిరి గుంజను గుద్ది ఆగింది. కాటయ్య, ఇంకో అయిదుగురు దిగారు. చేతుల్లో గొడ్డలి కర్రలు, ఒకడి దగ్గర ఇనుప పైపు. తింటున్న డ్రైవర్లు విస్తళ్లు వదిలి లేచారు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. బండ్లు స్టార్టయ్యాయి. ఒకదాని వెనక ఒకటి రోడ్డెక్కి పోయాయి.

బీరయ్య కూడా పరుగెత్తాడు. వీపు మీది పుండ్లు గుర్తొచ్చాయో, కాళ్లే పరుగెత్తాయో, అతను తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు. తన లారీ దాకా వచ్చాడు. డోరు తీశాడు. అప్పుడు కిష్ట్యా కేక వినపడింది. ఒక్కటే కేక, మధ్యలో తెగిపోయింది.

బండిలోనే ఉన్న పెద్దయ్య సీటు కింద నుంచి జాకీ రాడ్డు తీసి అతని చేతిలో పెట్టాడు. తను వీల్ స్పానరు తీసుకున్నాడు. ఇద్దరూ వెనక్కి నడిచారు.

కిష్ట్యా వేప చెట్టు కింద పడి ఉన్నాడు. తల వెనక పైపు దెబ్బ పడిన చోట ఎముక లోపలికి పోయింది. సగం ఒలిచిన మేక అతని మీద ఊగుతోంది. ఇద్దరు మనుషులు పందిరి కూలుస్తున్నారు. పుష్పాబాయి గుండిగను రెండు గుడ్డలతో పట్టి ఎత్తి, తన మీదికి వస్తున్నవాడి మీద కుమ్మరించింది. ఉడుకుతున్న కూర వాడి మొహం నుంచి ఛాతీ దాకా పడింది. వాడు కళ్లు పట్టుకుని కింద పడి దొర్లాడు. వాడి చెంప తోలు చేతికి ఊడి వచ్చింది.

కాటయ్య వెనక నుంచి ఆమె జడ పట్టుకున్నాడు. రొట్టెల పొయ్యి దగ్గరికి ఈడ్చి, ఆమె కుడి చేతిని కాలుతున్న పెనం మీద పెట్టి, పైన తన కాలితో తొక్కాడు. చెప్పు తోలు కాలిన వాసన, మాంసం కాలిన వాసన కలిసి వచ్చాయి.

బీరయ్య జాకీ రాడ్డు రెండు చేతులతో ఎత్తి కాటయ్య భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినపడింది. కాటయ్య పక్కకు పడ్డాడు. బీరయ్య మళ్లీ కొట్టాడు, మోచేతి మీద. మూడోసారి ఎత్తాడు, తల మీదికి. అప్పుడు ఎవరో అతని పక్కటెముకల కింద కత్తి దింపారు. నొప్పి తెలియలేదు, వెచ్చగా అనిపించింది. పెద్దయ్య ఆ కత్తి వాడిని స్పానరుతో మణికట్టు మీద కొట్టి కత్తి జారవిడిపించాడు.

ఈలోపు తండా మొత్తం కదిలింది. చేలలో ఉన్న ఆడా మగా కర్రలతో, కొడవళ్లతో పరుగెత్తుకొచ్చారు. కాటయ్య మనుషులు అతన్ని జీపులో వేసుకుని పారిపోయారు. కాలినవాడిని మాత్రం అక్కడే వదిలేశారు. ముసలాయన ఒకడు వాడి మీదికి కొడవలి ఎత్తితే పుష్పాబాయి అక్కడి నుంచే, కాలిన చేయి గుండెకు అదుముకుని, వద్దని తల ఊపింది. "వాడు చెప్పాలె," అంది. "ఎవడు పంపిండో వాడు చెప్పాలె."

కిష్ట్యాలో ఇంకా ఊపిరి ఉంది. అతన్ని, పుష్పాబాయిని, కాలినవాడిని లారీ మీద వేశారు. పెద్దయ్యకు బండి నడపడం రాదు. బీరయ్య తన పంచె చింపి నడుముకు బిగించి స్టీరింగ్ పట్టాడు. సూర్యాపేట దాకా క్లచ్ తొక్కినప్పుడల్లా నెత్తురు సీటు మీదికి కారింది. ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా వెనక నుంచి పెద్దయ్య క్యాబిన్ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. ఆగమని కాదు. కిష్ట్యా పోయాడని బీరయ్యకు అర్థమైంది. బండి ఆపలేదు.

దవాఖానలో బీరయ్యకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. నాలుగో రోజు లేచి ఆడవాళ్ల వార్డుకు పోయాడు. పుష్పాబాయి చేయి మోచేతి దాకా గుడ్డలు చుట్టి ఉంది. వేళ్లు అతుక్కుపోయాయని డాక్టరు చెప్పాడు. ఆమె ఎనిమిదేళ్ల కూతురు చాందీ మంచం పట్టె మీద కూర్చుని ఉంది.

"చెప్పొద్దన్న గద అన్నా," అంది పుష్పాబాయి.

"అన్నవ్."

"ఎందుకు చెప్పినవ్?"

"మంది నన్ను మెచ్చుకుంటరని," అన్నాడు.

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. "పో," అంది.

కేసు పెట్టారు. ఎస్సై తండాకు వచ్చి రాసుకున్నాడు. ఆ రోజు పందిరి కింద తిన్న పదిహేను మంది డ్రైవర్లలో ఒక్కడు కూడా తాను అక్కడ ఉన్నానని ఒప్పుకోలేదు. కాలినవాడు మొదట కాటయ్య పేరు చెప్పి, నెల తర్వాత మాట మార్చాడు. తండా వాళ్లు వచ్చేసరికి కిష్ట్యా పడిపోయి ఉన్నాడు. అతన్ని కొట్టడం పుష్పాబాయి ఒక్కతే చూసింది; ఆ తర్వాత పొయ్యి దగ్గర జరిగింది కళ్లతో చూసి చెప్పగలిగింది ముగ్గురే: పుష్పాబాయి, పెద్దయ్య, బీరయ్య.

కాటయ్య భుజానికి కట్టుతో బెయిలు మీద బయటికి వచ్చాడు. లారీ ఓనరు బీరయ్యను పిలిచి, "నీ మూలంగ నా బండికి నిప్పు పెడతరు, ఇగ రాకు," అన్నాడు. కాటయ్య మనుషులు పెద్దయ్యను మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర కొట్టి పక్కటెముకలు విరగ్గొట్టారు. అతను మూలుగుతూనే, "నేను చూసిందే చెప్త," అన్నాడట వాళ్లతో.

తర్వాత బీరయ్య ఇంటికి వచ్చారు. అతను కోదాడ పోయిన రోజు, పట్టపగలు, నలుగురు గొర్ల దొడ్డిలో దూరి కనపడినదాన్ని కనపడినట్టు నరికారు. సాయమ్మను గుంజకు కట్టేసి ఆమె ముందే నరికారు. బీరయ్య వచ్చేసరికి దొడ్డిలో అడుగు పెట్టే చోటు లేదు. పదహారు గొర్లు చచ్చి, మూడు గొర్లు కాళ్లు తెగి కదులుతున్నాయి; నాలుగే దెబ్బ తగలకుండా ఓ మూల మిగిలాయి. బీరయ్య కత్తి తీసుకుని ఆ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి కోశాడు. కోస్తూ ఏడ్చాడు.

సాయమ్మ మణికట్ల మీద తాడు గీతలు రుద్దుకుంటూ అరుగు మీద కూర్చుంది.

"అసలు సంగతేందో ఇప్పుడన్న చెప్పు," అంది.

బీరయ్య అంతా చెప్పాడు. పుష్పాబాయి వద్దన్నది, తను చెప్పింది, ఆరు రోజులు ఆగింది, లారీ దాకా పరుగెత్తింది, అన్నీ.

సాయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతుల మీద పోసింది. ఎర్రటి నీళ్లు పోయి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పోసింది.

"నాకు భయమయితుంది," అంది. "నువ్వు కోర్టుకు పోకుంటే గూడ భయమే. పోతేనే నయం. నేను గూడ వస్త."

పందొమ్మిది వందల తొంభై నాలుగు జులైలో సాక్ష్యాలు మొదలయ్యాయి. కాటయ్య వకీలు బీరయ్యను గంటన్నర నిలబెట్టాడు.

"నా క్లయింటు భుజం ఎవరు విరగ్గొట్టారు?"

"నేనే సార్."

"అంటే నువ్వే దాడి చేశావు."

"ఆమె చెయ్యి పెనం మీద పెట్టి తొక్కుతుండు సార్. నేను కొట్టిన. చేతి మీద గూడ కొట్టిన. తల మీద గూడ కొడుదును, గంతలోనే నన్ను పొడిసిండ్రు."

"చంపాలనుకున్నావా?"

బీరయ్య బోనులోంచి కాటయ్యను చూశాడు. కాటయ్య ఎడమ చేయి వంకరగా అతుక్కుంది. "అనుకున్న సార్," అన్నాడు.

కోర్టులో గుసగుసలు లేచాయి. వకీలు సంతోషపడ్డాడు. కాని జడ్జి కళ్లద్దాలు తీసి బీరయ్యను కొంచెంసేపు చూసి, ఆ మాట రాయించుకున్నాడు. తన మీదికి వచ్చేది కూడా దాచుకోని మనిషి మిగతాది కల్పించి చెప్పాడనుకోవడానికి కారణం కనపడలేదని తీర్పులో రాశాడు. పెద్దయ్య రెండు మాటల్లో సాక్ష్యం ముగించాడు. పుష్పాబాయి బోనులో నిలబడి కొంగు తొలగించి చేయి పైకెత్తి చూపించింది. ఆమెను ఎవరూ ఎక్కువ ప్రశ్నలు అడగలేదు.

కాటయ్యకు, పైపు పట్టుకున్నవాడికి యావజ్జీవం పడింది. మిగతా వాళ్లకు ఏడేసి ఏళ్లు. పోలీసులు తీసుకుపోతుంటే కాటయ్య బీరయ్య ముందు ఆగి అతని ముఖం మీద ఉమ్మాడు. బీరయ్య తుడుచుకున్నాడు. బయట సాయమ్మ, పెద్దయ్య ఉన్నారు. పుష్పాబాయి అప్పటికే తండా వాళ్లతో బస్సెక్కి పోయింది.

బీరయ్య మళ్లీ లారీ ఎక్కలేదు. ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు నడుపుతూ, మిగిలిన నాలుగు గొర్లను మళ్లీ మంద చేసుకుంటూ వచ్చాడు. తర్వాతి ఏడు ఎండాకాలంలో మిరపకాయల లోడుతో కోదాడ మార్కెట్ యార్డుకు పోయాడు. గేటు పక్కన రేకుల షెడ్డు కింద పుష్పాబాయి పొయ్యి ముందు కూర్చుని ఉంది. చాందీ పిండి ముద్ద చేసి ఇస్తుంటే ఆమె ఎడమ చేత్తో రొట్టె తడుతోంది. రొట్టె కొంచెం వంకరగా వస్తోంది. హమాలీలు వరుసలో నిలబడ్డారు.

బీరయ్య అవతలి పక్కనే నిలబడిపోయాడు. ఆమె చూసింది. చాలాసేపు తన పని తను చేసుకుంది. తర్వాత అతనికి వినపడేలా అడిగింది:

"గొర్లు ఎన్నయినయ్?"

"పద్దెనిమిది."

"ఈడ అమ్మెటోళ్లు ముసలి మేకలు తెస్తున్నరు. కూర సాగుతుంది." పెనం మీద రొట్టె తిప్పింది. "వచ్చే ఐతారం ఒక పొట్టేలును తోలుకరా. పాలపళ్లదే తే."

"తెస్త," అన్నాడు బీరయ్య.

కూర్చోమని ఆమె అనలేదు. అతనూ కూర్చోలేదు. యార్డులో లోడు దింపించి, ఖాళీ ట్రాక్టరుతో పాలకీడు దారి పట్టాడు. ఐతారం తెల్లవారగానే మందలోంచి మంచి పొట్టేలును ఎంచి, కాళ్లు కట్టి, ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాడు.